ఆర్-కార్డులో ఒక్క అక్షరం

మైకు పరీక్షించేటప్పుడు దాలయ్య "హలో, హలో" అనడు. "సేపలు... సేపలు... సేపలు" అంటాడు. గాజువాక నుంచి రేవు దాకా ఏ యూనియన్ సభ జరిగినా, ఎవరు ధర్నాకి కూర్చున్నా అతని సెట్టే వచ్చేది. ముందు ఆ మూడు చేపలూ జనం మీద పడేవి, తర్వాతే మా ఉపన్యాసాలు. 'స' అనే శబ్దం ఈల వెయ్యకుండా, ముక్కులోంచి రాకుండా తేటగా వినపడితే సెట్టు బాగున్నట్టు. అదీ అతని కొలత.

"మరి గోదారోల్లు చేపలంతారు కదా బావా, ఆల్లకేటి సేత్తావు?" అని గౌరీశ్వరి దెప్పేది.

"మన సేపలు తిని ఆల్లే నేర్సుకుంతార్లే."

గౌరీశ్వరి అతనికి మేనమామ కూతురు, పోర్టులో కళాసీ భార్య. నోటికి తాళం లేని మనిషి. చేతిలో తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఉన్నంతసేపు మాత్రం ఊపిరి కూడా మెల్లగా తీసేది. ఆమె చేతికి ఐరన్ ఎలా వచ్చిందో చెప్పాలంటే దాలయ్య భూమి ఎలా పోయిందో ముందు చెప్పాలి.

డెబ్బైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్లలో అతనిదీ ఒకటి. జీడితోట, రెండు మడులు, పశువుల సాల. దేశానికి ఉక్కు కావాలి, నిజమే. ఫ్యాక్టరీ రావాలని జెండాలు పట్టుకుని గొంతులు చించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అరిచిన మా ఇళ్లు పోలేదు. అరవని దాలయ్య ఇల్లు పోయింది. ఈ మాట ఇన్నేళ్లకైనా రాసుకోకపోతే సిగ్గుచేటు.

ఇల్లు పోయినవాళ్లకి ఒక కార్డిచ్చారు. జనం దాన్ని ఆర్-కార్డు అంటారు. ఆర్ అంటే రిహాబిలిటేషన్, పునరావాసం. అది చేతిలో ఉంటే కొలువుల వరసలో నిలబడొచ్చు. పేర్లు నమోదు చెయ్యడానికి వచ్చిన గుమస్తా ఎవరో పైజిల్లా మనిషి, ఈ యాస అతని చెవికి కొత్త. గుడారం కింద జనం తోసుకుంటుంటే వినపడింది వినపడ్డట్టు రాసుకుపోయాడు. దాలయ్య కార్డు మీద 'దానయ్య' అని పడింది.

"దానయ్య ఎవడు?" అనేవారు కిటికీ లోపల.

"నానేనండి."

"నువ్వు దాలయ్యవి కదయ్యా. దానయ్యని తీసుకురా."

లేని దానయ్యని ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ఒక్క అక్షరం మార్పించుకోడానికి ఆరేళ్లు పట్టింది. 'న' కాస్తా 'ల' అయ్యేసరికి అతనికి కొలువు వయసు దాటిపోయింది. చివరికి వచ్చిన కాగితంలో 'సవరించడమైనది' అని ఒక్క ముక్క. ఎవరు తప్పు రాశారు? ఎవరు సవరించారు? ఆ మాటకి కర్త లేడు.

"దానయ్యని పేరెట్టినోడు ముందే సెప్పేడు కదేటి, నా కొలువు దానమైపోద్దని" అని నవ్వి, దాలయ్య ఆ కాగితాన్ని ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. తర్వాత కాలనీలో ఎవరు అర్జీ రాయించుకోడానికి వచ్చినా అతని మొదటి ప్రశ్న ఒకటే. "కార్డు మీద అచ్చరం సూసుకున్నావా?"

ఆ ఆరేళ్లూ ఆఫీసు కిటికీలు తెరిచేదాకా అతను వన్‌టౌన్‌లో ఒక రేడియో షాపు అరుగు మీద కూర్చునేవాడు. షాపాయన పేరే గురువులు. లాంచీల వాళ్ల రేడియోలు బాగుచేసే ముసలాయన. ఊరికే కూర్చున్నవాడి చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టాడు, తర్వాత పెన్సిలు పెట్టాడు. ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు: బేసు, ఎమిటరు, కలెక్టరు. బేసు దగ్గర సన్నగా అందిన ధార కలెక్టరు దగ్గర పెద్ద ప్రవాహంగా మారుతుంది. చిన్న గొంతుని పెద్దది చేసే ఆంప్లిఫైయరు కిటుకంతా అదే.

"కలెక్టరు సగంలో నిలబడాల్రా" అనేవాడు గురువులు. "పన్నెండు వోల్టులిత్తే ఆరుకి అటూ ఇటూ ఉండాల. పైకి పోయినా, కిందకి జారినా గొంతు సీలిపోద్ది."

ఈ కథ గౌరీశ్వరి చెబితే ఇంకోలా ఉండేది. "ఆ కలెక్టరికి అర్జీలెట్టి ఎట్టి ఇసిగిపోయేడు మా బావ. ఆకరికి సెప్పిన మాటినే కలెక్టర్ని సూసుకున్నాడు."

దాలయ్య చదివింది నాలుగో ఫారం దాకా. అయినా ప్రతి సెట్టుకీ ముందు నోట్‌బుక్కులో లెక్క కట్టి గానీ ఐరన్ వేడెక్కనిచ్చేవాడు కాదు. పాత రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లు ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి బలమైనది, ఒకటి నీరసపుది. ఏది వేసినా కలెక్టరు సగం దగ్గరే నిలబడేలా ఒక పద్ధతి పట్టుకున్నాడు: కలెక్టరుకీ బేసుకీ మధ్య పది లక్షల ఓముల రెసిస్టరు. కరెంటుని ఆపేది రెసిస్టరు, ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే కొలత ఓము. కలెక్టరు ఎక్కువ తాగితే ఆ రెసిస్టరు గుండా బేసుకి అందేది తగ్గుతుంది, బేసు తగ్గితే కలెక్టరు మళ్లీ దారికొస్తుంది. తర్వాత తన దగ్గర పని నేర్చుకున్న ఏడుగురు ఆడవాళ్లకి అతను దీన్ని పొలం గట్టుగా చెప్పాడు. "ఇది గట్టు. పక్క మడికి ఎన్ని నీలు పోవాలో గట్టు సెప్తాది."

ఆ ఏడుగురూ భూములు పోయిన ఇళ్లవాళ్లే. కాంట్రాక్టర్ల దగ్గర సిమెంటు తట్టలు మోసేవారు. ఎనభై ఆరులో కాలనీ చివర రేకుల షెడ్డులో మైకు సెట్లు కట్టే సొసైటీ పెట్టుకున్నారు. గౌరీశ్వరి ప్రెసిడెంటు. దాలయ్యకి హోదా ఏమీ లేదు, షెడ్డుకి ముందొచ్చేదీ చివరన వెళ్లేదీ అతనే.

రెండేళ్లకి ఒక పెద్ద అవకాశం వచ్చింది. యారాడ మొదలుకుని తీరం పల్లెలకి తుపాను హెచ్చరిక చెప్పే మైకు సెట్లు పెట్టాలని ఒక ఆఫీసు తలపెట్టింది. అక్టోబరు గాలులకి ముందే బిగించాలి. ఆ ఆర్డరు వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే ఏడుగురూ మళ్లీ తట్టలు నెత్తికెత్తుకోవాల్సిందే.

ఆఫీసులో ఆ ఫైలు చూసేది భీమశంకరరావు. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. దాలయ్య నోట్‌బుక్కుని చివరి పేజీ దాకా తిప్పాడు.

"ఏమయ్యా, ఇదంతా పెన్సిలు."

"వాయించి సూపిత్తానండి. ఇక్కడే, ఇప్పుడే."

"వాయింపు ఫైల్లో ఎలా పెట్టనయ్యా? రేపు గాలివానలో సెట్టు మూగబోతే నా మెడకి చుట్టుకుంటుంది. ఇంజనీరింగ్ కాలేజీకి కంప్యూటరొచ్చింది. సర్క్యూట్ కట్టకుండానే పనిచేస్తుందో లేదో చెప్పే ప్రోగ్రాం ఉందిట. వాళ్ల రిపోర్టు కావాలి, సోమవారం లోపు. లేదంటే మద్రాసు కంపెనీ కొటేషన్ ఎలాగూ ఉంది."

కాలేజీలో ఆ ప్రోగ్రాం తెలిసిన మనిషి ఒక్కతే, గంగాభవాని. ఇరవయ్యారేళ్ల లెక్చరర్. తండ్రి కాకినాడ వైపు నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. దాలయ్య నోట్‌బుక్కుని ఆమె రెండు చేతులా అందుకుందట. అది అతను మర్చిపోలేదు. "చేసి పంపిస్తానండి" అంది.

గురువారం రిపోర్టు నేరుగా ఆఫీసుకే వెళ్లింది. అంచుల్లో చిల్లులున్న పొడవాటి కాగితం. అడుగున ఒక వాక్యం: ఈ సర్క్యూట్ శబ్దాన్ని పెంచడం లేదు.

కబురు షెడ్డుకి చేరేసరికి గౌరీశ్వరి ఐరన్ కింద పెట్టేసింది.

"ఇన్ని సభల్లో అరిసిన సెట్టు అరవనేదంతదేటి! ఆ మిషన్‌కి సెవులున్నాయేటి బావా?"

దాలయ్య నోట్‌బుక్కు ముందేసుకుని లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టాడు. కలెక్టరు దగ్గర ఆరున్నర వోల్టులు వచ్చాయి. చెరిపి మళ్లీ కట్టాడు. ఆరున్నరే.

"నా లెక్కే తప్పేమో గౌరీ" అన్నాడు. "ఇన్నాల్లూ గాలివాటంగా పన్జేసేయేమో."

"ఓలమ్మో! సెట్టు నీ ఎదరే మోగతంటే, కాయితం మోగనేదంటే కాయితం మాటింతావేటి?"

అవును, అలాగే వింటాడు. ఎందుకు వినడు? కాగితం నువ్వు దానయ్యవి అంటే, తను దాలయ్యనని ఆరేళ్లు రుజువు చేసుకోవాల్సి వచ్చిన మనిషి. పెన్సిలు లెక్క అచ్చులో ఉన్న మాటకి ఎదురు నిలవదని ఈ దేశం పేదవాడికి చిన్నప్పుడే నేర్పుతుంది. చదువుకున్నవాళ్లం, మనకది పాఠంలా కనపడదు.

శనివారం గౌరీశ్వరి అతన్ని ఈడ్చుకుపోయినంత పని చేసి కాలేజీకి తీసుకెళ్లింది. కంప్యూటర్ గది బయట చెప్పుల వరస. లోపల ఏసీ. గంగాభవాని మేజోళ్లతో ఎదురొచ్చింది. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని కాలేజీ వాళ్లు పెట్టిన నియమమది.

"సిమ్మాచలం కొండ మీద కూడా ఇంత సల్లగుండదు తల్లీ" అన్నాడు దాలయ్య, ఎక్కడ నిలబడాలో తెలియక.

"కూర్చోండి దాలయ్య గారూ. మీరు రాకపోతే నేనే వద్దామనుకున్నానండి. నాకూ మనసు ఒప్పలేదు, మీ లెక్క అంత శుభ్రంగా ఉంది. కానీ ప్రోగ్రాం మూడుసార్లూ అదే చెప్పిందండి. దీని పేరు స్పైస్."

"స్పైసంటే ఏటి మేడం గారూ?" అంది గౌరీశ్వరి.

"మసాలా అండి."

"అదీ సంగతి. మసాలా ఎక్కువైపోనాది."

గంగాభవాని నవ్వాపుకుని తెర వైపు చూపించింది. "బొమ్మ గియ్యక్కర్లేదండి. సర్క్యూట్‌ని లైన్లుగా కొడతాం. ఒక్కో లైన్‌నీ కార్డు అంటారు. పూర్వం అట్టముక్కలకి చిల్లులు పొడిచి ఇచ్చేవారంట, ఆ పేరే ఉండిపోయింది. ట్రాన్సిస్టర్‌ది క్యూ-కార్డు. రెసిస్టర్లవి ఆర్-కార్డులు."

దాలయ్య తలెత్తాడు. "ఏ కార్డన్నావు తల్లీ?"

"ఆర్-కార్డండి."

అతను గౌరీశ్వరి వంక చూశాడు, ఆమె అతని వంక చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఏసీ గదిలో అంత నవ్వు ఎప్పుడూ విని ఉండరు, పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

"ఇందల కూడా ఉన్నాదేటి మా కార్డు!"

పోర్టు క్వార్టర్సులో పెరిగిన పిల్లకి ఆ కార్డు సంగతి తెలియదు. దాలయ్య చెప్పాడు. దానయ్య సంగతి, ఆరేళ్ల సంగతి, 'సవరించడమైనది' అన్న కాగితం సంగతి. ఏ కోపమూ లేకుండా, పక్కింటివాడి కథలా. చెప్పి, అలవాటు కొద్దీ అడిగాడు.

"అచ్చరం సూసుకున్నావా తల్లీ? ఆర్-కార్డంటే అచ్చరం కాడే తప్పడిపోద్ది."

"మీ నోట్సులో ఉన్నది ఉన్నట్టే కొట్టానండి. రెండుసార్లు చూసుకున్నాను."

"అయితే వోల్టులు సూపించు."

ఆమె పొడవాటి కాగితం పరిచింది. "ఇది బేసండి, ఇది కలెక్టరు."

ఇంగ్లీషు మాటలు అంతుపట్టకపోయినా అంకెలు అతనివే. బేసు దగ్గర సున్నా పాయింటు ఆరు ఏడు ఏడు. కలెక్టరు దగ్గరా సున్నా పాయింటు ఆరు ఏడు ఏడు. దాలయ్య ఒక గోరు దీని మీద, ఒక గోరు దాని మీద పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. చెడిపోయిన రేడియో మీద చెయ్యేసినప్పుడు అతని మొహం అలాగే ఉండేది.

"గట్టు తెగిపోనాది" అన్నాడు.

"ఏ గట్టండి?"

"ఈ రెండిట్కీ మజ్జిన నాను పది లచ్చల గట్టేసేను. గట్టుంటే ఆ మడి నీలూ ఈ మడి నీలూ ఒక్క మట్టాన ఎలగుంతాయి? ఇక్కడ రెసిస్టరు నేదు తల్లీ. తీగముక్క ఎట్టేసినట్టున్నాది. ఇలగైతే మోగదు. మిషన్ నిజిమే సెప్పింది."

గంగాభవాని ఆ కార్డుని పైకి చదివింది. "ఆర్ వన్. రెండు, మూడు. వన్ ఎమ్." మళ్లీ చదివింది. ఆ తర్వాత సొరుగులోంచి జిరాక్సు మాన్యువల్ తీసి పేజీలు తిప్పసాగింది. ఒకచోట వేలు ఆగింది.

రేడియో షాపుల్లో, సర్క్యూట్ బొమ్మల్లో, పుస్తకాల్లో రెసిస్టరు పక్కన ఎమ్ అంటే మెగా, అంటే పది లక్షలు. లోకమంతా అలాగే రాస్తుంది, దాలయ్యా అలాగే రాశాడు. ఈ ప్రోగ్రాంకి మాత్రం ఎమ్ అంటే మిల్లీ, వెయ్యోవంతు. పది లక్షలు కావాలంటే మెగ్ అని మూడక్షరాలూ కొట్టాలి. అప్పటిదాకా ఆమె వేలల్లో ఉండే రెసిస్టర్లతోనే లెక్కలు చేసింది, లక్షల అవసరం పడలేదు.

"దాలయ్య గారూ" అంది. "మీరన్నది పది లక్షల ఓములండి. ఓములో వెయ్యోవంతని దీనికి చెప్పింది నేను."

"అచ్చరమేనా?"

"అక్షరమేనండి. ఈ, జీ... రెండక్షరాలు తక్కువ."

గౌరీశ్వరి ఏదో అనబోయింది. దాలయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. గంగాభవాని ఈ, జీ కొట్టింది. ప్రింటరు గీరుకుంటూ గీరుకుంటూ ఒక్కో వరసా బయటికి తోసింది. కలెక్టరు దగ్గర ఆరు పాయింటు నాలుగు తొమ్మిది. నోట్‌బుక్కులో పెన్సిలుతో ఆరున్నర. లోపలికి వెళ్లిన చిన్న శబ్దం దాదాపు రెండొందల రెట్లయి బయటికొస్తోంది.

దాలయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ మిషన్ కూడా గురువులు కాడే సదివినట్టున్నాది" అన్నాడు.

అక్కడితో లేచి రావచ్చు. రాలేదు. "నీరసపు ట్రాన్సిస్టర్ ఎట్టి సూడు తల్లీ" అన్నాడు. ఆమె ఒక అంకె మార్చింది. కలెక్టరు ఎనిమిదిన్నర దాటలేదు. "బాగా బలమైంది?" ఐదుకి దిగలేదు. పాత ట్రాన్సిస్టర్లు మార్చి మార్చి రెండేళ్లు చూసిన పనిని ఆ తెర నిమిషంలో చేస్తుంటే, అతను పిల్లలు తిరునాళ్లలో చూసినట్టు చూశాడు. మిషన్ అతనికి తెలియనిదీ ఒకటి చెప్పింది: నీరసపువి వేసిన సెట్టు మోగుతుంది గానీ గొంతు తగ్గుతుంది. సముద్రం హోరులో అది చాలదు. బలమైనవి ఏరి ఈ సెట్లకే ఉంచాలని అక్కడే నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ప్యూను వచ్చి గది తాళం వెయ్యాలనేదాకా ఆ ఇద్దరూ కదల్లేదు. గౌరీశ్వరి చలికి చీరకొంగు తలమీదుగా కప్పుకుని కుర్చీలో నిద్రపోయింది.

సోమవారం ముగ్గురూ ఆఫీసుకి వెళ్లారు. భీమశంకరరావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నుదురు నొక్కుకున్నాడు.

"కంప్యూటర్ తప్పు చేసిందంటే ఎవరు నమ్ముతారమ్మా? నీకూ మాట, కాలేజీకీ మాట. ఒక పని చెయ్యి. పాత రిపోర్టు మీద 'సవరించడమైనది' అని రాసి సంతకం పెట్టు. సరిపోతుంది."

ఆ మాట దాలయ్యకి కొత్త కాదు కదా.

"తప్పు చేసింది కంప్యూటర్ కాదండి, నేను" అంది గంగాభవాని. "సవరించడమైనది అంటే ఎవరు సవరించినట్టండి?"

బల్ల మీది కలం తీసుకుని తెల్లకాగితం మీద రాసింది. 'ఆర్-కార్డులో అక్షరం తప్పు కొట్టింది గంగాభవాని అనే నేను. తప్పు కనిపెట్టింది దాలయ్య గారు. లెక్క ఆయనది, అది సరైనది.' కింద సంతకం, తేదీ.

భీమశంకరరావు దాన్ని చదివి, మళ్లీ చదివి, ఫైల్లో పెట్టాడు. ఇంత స్పష్టంగా ఒకరి సంతకం ఉన్నాక అతనికి భయపడాల్సిన పని లేదు. పన్నెండు సెట్లకి ఆర్డరు ఆ వారమే వచ్చింది. దాలయ్య మాత్రం ఆ రోజు ఆర్డరు గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆ కాగితం నకలు కావాలన్నాడు. అది ఇప్పుడు ట్రంకుపెట్టెలో ఉంది, పాత కాగితం పైన.

సెప్టెంబరు చివర యారాడలో మొదటి సెట్టు బిగించారు. గంగాభవాని కూడా వచ్చింది, ఈసారి చెప్పులు ఇసకలో చేత పట్టుకుని. పడవల దగ్గర జనం, వలలు, ఒడ్డున కెరటాల హోరు. దాలయ్య మైకు ఆమె చేతికిచ్చాడు.

"నువ్వను తల్లీ."

ఆమె గొంతు సవరించుకుంది. "చేపలు... చేపలు..."

"అచ్చరం తప్పు మేడం గారూ!" అని అరిచింది గౌరీశ్వరి.

గంగాభవాని పకపకా నవ్వి, మైకు దగ్గరికి జరిగి మళ్లీ అంది. "సేపలు... సేపలు... సేపలు."

ఒడ్డు ఆ చివర, కంటికి చీమంత కనపడుతున్న ముసలావిడ పోతమ్మ, ఎండబెడుతున్న కవ్వళ్ల చేపలు వదిలేసి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని కేకేసింది.

"ఏ సేపలే అమ్మీ? ఎవుల పడవొచ్చినాది?"